సార్క్ దీవి దొరతనం: ఏడు ఇంటిపేర్లు, ఒకే పట్టా

ఇంగ్లండ్‌కూ ఫ్రాన్స్‌కూ నడుమ సముద్రపాయలో, ఫ్రాన్స్ ఒడ్డుకే దగ్గరగా, సార్క్ అనే చిన్న దీవి ఉంది. మనకు తెలిసిన దక్షిణాసియా దేశాల సార్క్‌కూ దీనికీ పలుకు కలిసిందంతే. పక్కనే ఉన్న బ్రెకూ అనే బుల్లి దీవిని కలుపుకున్నా విస్తీర్ణం 5.4 చదరపు కిలోమీటర్లు, అంటే 1,350 ఎకరాలకు అటూఇటూ. మన లెక్కలో ఒక మోస్తరు ఊరి పొలం. జనం ఐదారు వందలు. కార్లు లేవు. ట్రాక్టర్లు, గుర్రపు బండ్లు, సైకిళ్లు తిరుగుతాయి.

ఈ కాస్త నేలకు 1565 నుంచి ఇప్పటిదాకా వరసగా 23 మంది దొరలు. దొరను అక్కడ సెన్యోర్ అంటారు, ఆడమనిషి అయితే డేమ్. ఆ 23 పేర్ల పట్టిక ముందేసుకుని కూర్చుంటే తల తిరుగుతుంది. ఒకే వంశంలో నలుగురు ఫిలిప్‌లు, మరో వంశంలో నలుగురు పియెర్‌లు ఉంటారు. మధ్యలో పదేళ్లపాటు ఎక్కడినుంచో ఊడిపడ్డట్టు ఇద్దరు కొత్తవాళ్లు కనిపిస్తారు. ఉన్నట్టుండి ఒక విధవరాలు, వందేళ్ల తర్వాత మరో విధవరాలు. చివర్లో తండ్రి, కూతురు, మనవడు ముగ్గురివీ మూడు ఇంటిపేర్లు. యుద్ధాలు జరిగాయా, తిరుగుబాట్లు వచ్చాయా అని వెతికితే ఈ మార్పుల వెనక అలాంటివేం దొరకవు. దొరికేవి అప్పు పత్రాలు, క్రయ దస్తావేజులు, పెళ్లిళ్లు, మునిగిన ఒక పడవ.

చిక్కు విడదీయడానికి ఒక్క విషయం గట్టిగా పట్టుకోవాలి. ఇక్కడ ఘనత వంశానిది కాదు, భూమిది. గొప్ప కుటుంబం కాబట్టి దొరతనం వచ్చింది అనుకుంటే పట్టికలో సగం అర్థం కాదు. దొరతనం చేతికొచ్చింది కాబట్టి ఆ కుటుంబం దొరల కుటుంబమైంది. ఇలా చూస్తే ప్రతి మలుపూ తిన్నగా కనిపిస్తుంది.

పట్టాలో ఏం రాశారు

1565కు ముందు సార్క్ దాదాపు ఖాళీ. 1549లో ఫ్రెంచివాళ్లు వచ్చి కోటలు కట్టారు, కొన్నాళ్లకు వాళ్లూ పోయారు. మనుషుల్లేని దీవి సముద్రపు దొంగలకు స్థావరమవుతుంది, ఫ్రాన్స్ మళ్లీ దిగితే పక్కనున్న జెర్సీ, గెర్న్సీ దీవులకు ముప్పు. జెర్సీలో సెయింట్ వాన్ అనే జాగీరుకు దొరైన హెలియర్ డి కార్టరెట్ 1563 ప్రాంతంలో తన మనుషులతో వెళ్లి అక్కడ సేద్యం మొదలుపెట్టాడు. 1565 ఆగస్టు 6న మొదటి ఎలిజబెత్ రాణి అతనికి రాజపత్రం ఇచ్చింది. కొన్ని పుస్తకాల్లో దొరతనం 1563 నుంచి, కొన్నిట్లో 1565 నుంచి మొదలవడానికి కారణం ఇదే. మొదటిది కాలుమోపిన ఏడు, రెండోది కాగితం పుట్టిన ఏడు. హక్కు లెక్కించేది రెండోదాని నుంచే.

ఆ కాగితంలోని షరతులు రెండు. దీవిలో ఎప్పుడూ కనీసం 40 మంది మగవాళ్లను ఆయుధాలతో కాపలాకు నిలపాలి. ఏటా రాణికి 50 సూలు కప్పం కట్టాలి. సూ అనేది పాత ఫ్రెంచి నాణెం. ఆ 50 సూలనే ఇప్పటి లెక్కలో 1.79 పౌండ్లుగా కట్టారు. ధరల పెరుగుదలతో దానికి పనిలేదు, నేటికీ అంతే. మన జమీందారీ పరిభాషలో చెప్పాలంటే రాజపత్రం సన్నదు, కప్పం పేష్కష్. కాకపోతే పేష్కష్ జమీందారును పిండేది. ఇది కాఫీ ఖర్చుకు కూడా చాలదు. రాణికి కావలసింది డబ్బు కాదు, తుపాకులు పట్టుకున్న 40 జతల చేతులు.

హెలియర్ చేసిన పని ఆ 40 అనే అంకె చుట్టూనే తిరిగింది. దీవిని 40 కమతాలుగా విడగొట్టాడు. ఒక్కొక్క కమతాన్ని టెనెమెంట్ అంటారు. ఎక్కువమంది జెర్సీ నుంచి, కొందరు గెర్న్సీ నుంచి వచ్చి వాటిని శాశ్వత కౌలుకు తీసుకున్నారు. ఇల్లు కట్టుకోవాలి, అక్కడే ఉండాలి, తుపాకీతో ఒక మనిషిని సిద్ధంగా ఉంచాలి. దొరకు ధాన్యంలో పదోవంతు, ఇంటి పొగగొట్టానికి ఒకటి చొప్పున ఏటా ఒక కోడి. గోధుమలు దొర గాలిమరలోనే పట్టించుకోవాలి. పావురాల గూడు కట్టే హక్కు దొర ఒక్కడిదే. ఆ పావురాలు రైతుల గింజలు తిన్నా ఎవరూ కొట్టకూడదు. ఆడకుక్కను పెంచుకునే హక్కు కూడా చాలాకాలం దొరకు మాత్రమే ఉండేది. యాత్రికులు నవ్వుకోవడానికి ఇది బాగుంటుంది గానీ, దొరతనం ఎవరి చేతుల్లోకి ఎందుకు పోయిందో తెలుసుకోవడానికి ఈ కుక్కా పావురం పనికిరావు. అందుకు కావలసినవి వేరే రెండు నియమాలు.

మొదటిది విభజన లేకపోవడం. కమతాలను అన్నదమ్ములు పంచుకుంటూ పోతే రెండు తరాల్లో 40 కాస్తా 120 అవుతాయి. అప్పుడు తుపాకీ ఎవరు పట్టాలి? ఎకరం పొలంవాడు సిపాయిని పోషించగలడా? అందుకే 1611లో మొదటి జేమ్స్ రాజు ఇంకో రాజపత్రంతో కమతాలను చీల్చడాన్ని నిషేధించాడు. మొత్తం కమతం పెద్దకొడుక్కే. కొడుకులు లేకపోతే పెద్ద కూతురికి. చిన్నవాళ్లు గెర్న్సీకో, ఓడ ఎక్కి ఇంకెక్కడికో బతుకుతెరువు చూసుకోవాలి. మొత్తం దీవి అనే పెద్ద జాగీరుకూ ఇదే పద్ధతి.

రెండోది అనుమతి. కమతం అమ్మాలంటే దొర అనుమతి కావాలి. దాన్ని కాంజే అంటారు. అలాగే దొర తన జాగీరు మొత్తాన్ని అమ్మాలన్నా, తాకట్టు పెట్టాలన్నా రాజు అనుమతి కావాలి. కమతం అమ్మినప్పుడు ధరలో 13వ వంతు దొరకు చెల్లించాల్సి ఉండేది. దాని పేరు ట్రెజియెమ్, అంటే పదమూడోది. నూటికి సుమారు 7.7. మన రిజిస్ట్రేషన్ ఖర్చులు తెలిసినవాళ్లకు ఈ శాతం కొత్తగా అనిపించదు. సర్కారుకు పోయేది ఇక్కడ దొర జేబులోకి వెళ్లేది, అంతే తేడా.

ఈ రెండు నియమాలు కలిస్తే ఏమవుతుంది? జాగీరు ముక్కలు కాదు, కానీ మొత్తంగా చేతులు మారగలదు. మన నూజివీడు కథ దీనికి సరిగ్గా తలకిందులు. వారసుల వ్యాజ్యాలు 19వ శతాబ్దంలో లండన్ ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లాయి, ఆ జమీ వాటాలుగా చీలిపోయింది. అవిభాజ్యమని తేలిన పిఠాపురం లాంటి చోట ఇంకో రకం చిక్కు వచ్చింది. వాటా అడిగే దాయాదులు లేరంటే, ఉన్నవాడు ఇష్టమొచ్చినట్టు రాసిచ్చేయొచ్చా? ఇవ్వొచ్చని 1899లో అదే ప్రీవీ కౌన్సిల్ చెప్పింది. జమీలు అప్పులవాళ్ల పాలవుతాయన్న భయంతో మద్రాసు ప్రభుత్వం 1904లో అవిభాజ్య ఎస్టేట్ల చట్టం తెచ్చి పగ్గాలు వేసింది. సార్క్‌కూ పై కోర్టు ఆ ప్రీవీ కౌన్సిలే. అక్కడ పగ్గం ముందునుంచీ రాజు చేతిలో ఉండేది, అయితే ఆ చేయి అడిగినప్పుడల్లా పగ్గం వదిలింది.

కార్టరెట్‌లు: 155 ఏళ్లు, ఏడుగురు

1565 నుంచి 1720 దాకా పట్టికలో అన్నీ కార్టరెట్ పేర్లే. హెలియర్, తర్వాత నలుగురు ఫిలిప్‌లు, తర్వాత చార్లెస్, ఆఖర్న జాన్. తాత పేరు మనవడికి పెట్టడం మనకు తెలిసిందే. వీళ్లు తండ్రి పేరే కొడుక్కు పెట్టారు కాబట్టి పాత పత్రాల్లో ఫిలిప్ డి కార్టరెట్ అని కనిపిస్తే ఏ ఫిలిప్పో తేదీ చూసి గానీ చెప్పలేం. 1594, 1643, 1663, ఈ మూడూ ఫిలిప్ నుంచి ఫిలిప్‌కు మారిన సంవత్సరాలు.

వీళ్ల గురించి మరచిపోకూడని సంగతి, సార్క్ వీళ్లకు రెండో ఇల్లు మాత్రమే. అసలు జాగీరు జెర్సీలోని సెయింట్ వాన్. రాబడి, పరపతి, బంధుత్వాలు అన్నీ అక్కడ. సార్క్‌లో న్యాయం, పాలన జెర్సీ పద్ధతిలో నడిపించాలని మొదట్లో ప్రయత్నించారు. దీవి ఉన్నది గెర్న్సీ పరిధిలో కాబట్టి అది కుదరలేదు. చివరికి 1675లో సెనెషల్ అనే ఒక్క న్యాయాధికారి పద్ధతి స్థిరపడింది. కమతదారులందరూ కూర్చునే సభను చీఫ్ ప్లీస్ అంటారు. 40 కమతాలకు 40 స్థానాలు, అంటే అప్పట్లో ఓటు మనిషికి కాదు, పొలానికి.

1715లో చార్లెస్ పోయాడు. నేరుగా దిగే వారసుడు లేక జాగీరు దూరపు శాఖకు పోయింది. హెలియర్ మనవళ్లలో చిన్నవాడి వైపునుంచి వచ్చిన జాన్, లార్డ్ కార్టరెట్ దొర అయ్యాడు. పట్టికలో ఇంటిపేరు మారకపోవడం వల్ల ఇది తండ్రి కొడుకుల వరస అనుకుంటారు. కాదు. ఈ శాఖ అప్పటికి పూర్తిగా లండన్ శాఖ. అమెరికాలో న్యూజెర్సీకి ఆ పేరు రావడానికి కారణమైన సర్ జార్జ్ కార్టరెట్ వీళ్ల పెద్దాయన. జాన్ తర్వాతి కాలంలో గ్రాన్‌విల్ ప్రభువుగా రెండో జార్జ్ రాజు కొలువులో చక్రం తిప్పినవాడు. అలాంటివాడికి సముద్రం మధ్య 40 పొగగొట్టాల కోళ్లు ఏ మూలకు? 1720లో అనుమతి తీసుకుని అమ్మేశాడు.

కాబట్టి మొదటి వంశం పోయింది నిజానికి 1715లోనే. ఇంటిపేరు మాత్రం ఇంకో ఐదేళ్లు నిలిచింది.

పదేళ్లలో మూడు చేతులు

1720లో కొన్నవాడు జాన్ జాన్సన్. 1723లో జేమ్స్ మిల్నర్. 1730లో సుజాన్ ల పెలీ. చరిత్ర పుస్తకాలు మొదటి ఇద్దరికీ ఒక్కో వాక్యం ఇచ్చి వదిలేస్తాయి, ఇక్కడా వాళ్లకు ఎక్కువ చోటు అక్కర్లేదు. వాళ్లవల్ల తేలిన సంగతి ఒకటుంది. అప్పటిదాకా సార్క్ దొర అంటే రాజసేవ చేసిన ప్రభు కుటుంబంవాడు. 1720 తర్వాత సార్క్ దొర అంటే కొనగలిగినవాడు. రాజు అనుమతి కొనేవాడి రక్తాన్ని చూసి ఇచ్చింది కాదు. కప్పం, కాపలా బాధ్యత కొత్త చేతికి అందితే చాలు.

సుజాన్ ల పెలీ సార్క్‌కు మొదటి డేమ్. భర్త పోయాక తన పేరు మీదే కొన్నది. ఆమె కుటుంబం అప్పటికే దీవిలో కమతదారులు. కొత్త దొర బయటినుంచి రాలేదు, కౌలుదారుల్లోంచి లేచింది. దీనికి నేటికీ కనిపించే గుర్తు ఒకటుంది. హెలియర్ కట్టిన పాత బంగళా, ల మనువార్, దీవి నడిబొడ్డున ఉంది. సుజాన్ అక్కడికి మారలేదు, ల పెరోన్రీ అనే తమ ఇంట్లోనే ఉండిపోయింది. అప్పటినుంచి దొర బంగళా అంటే అదే అయింది. ఇవాళ యాత్రికులు తోట చూడ్డానికి వెళ్లే ల సెన్యోరీ ఈ ఇల్లే. 1565 నాటి దొర నివాసం అని ఎవరైనా దాన్ని చూపిస్తే నమ్మకండి.

మూడేళ్లకే, 1733లో, సుజాన్ పోయింది. పెద్దకొడుకు నికొలస్, 1742లో నికొలస్ తమ్ముడు డానియెల్, 1752 నుంచి వరసగా పియెర్‌లు. దాదాపు వందేళ్లు చెప్పుకోదగ్గ గొడవ లేకుండా గడిచిపోయాయి. గొడవ నేల కింద దాగి ఉంది.

వెండి గని, తాకట్టు లెక్క

ఈ కథకు కీలకం ఇక్కడుంది.

సార్క్ దక్షిణ భాగాన్ని లిటిల్ సార్క్ అంటారు. ప్రధాన భూభాగానికి దాన్ని కలిపేది లా కూపే అనే సన్నని రాతి గట్టు మాత్రమే. సముద్రానికి 80 మీటర్ల ఎత్తున, మూడు మీటర్ల వెడల్పుతో ఉంటుంది. 1830లలో అక్కడ వెండి, రాగి ఖనిజం కనబడింది. కంపెనీ పెట్టారు, ఇంగ్లండ్ కార్న్‌వాల్ నుంచి గని కార్మికులను రప్పించారు. అప్పటి దొర మూడో పియెర్ ల పెలీ అందులో దిగాడు. 1839లో అతను ఎక్కిన పడవ దీవి ఉత్తరపు కొస దగ్గర మునిగి చనిపోయాడు. జాగీరు తమ్ముడు ఎర్నెస్ట్‌కు వచ్చింది, జాగీరుతో పాటు గని కూడా.

ఆ గని సొరంగాలు సముద్రం అడుగు కిందికి పోయాయి. ఎంత లోతుకు పోతే అంత నీరు. నీరు తోడాలంటే ఆవిరి యంత్రాలు కావాలి, యంత్రాలకు బొగ్గు బయటినుంచి ఓడలో రావాలి. ఖనిజం దొరుకుతుంది, దాన్ని తీసే ఖర్చు దాని విలువను మింగేస్తుంది. ఇంకొక్క సొరంగం తవ్వితే పెద్ద పొర తగులుతుందన్న ఆశతో అప్పు మీద అప్పు. బోరు బావి మీద బోరు బావి వేయించిన రైతుల సంగతి తెలిసినవాళ్లకు ఎర్నెస్ట్ మనసు విప్పి చెప్పనక్కర్లేదు.

1844లో అతను రాజానుమతితో సార్క్ జాగీరునే తాకట్టు పెట్టాడు. అప్పిచ్చినవాడు జాన్ అలేర్, గెర్న్సీవాడు. యుద్ధకాలంలో సర్కారు పరవానాతో శత్రు ఓడలను కొల్లగొట్టి సొమ్ము చేసుకున్న మనిషి. అప్పు 4,000 పౌండ్లు. గని కంపెనీ దివాలా తీసింది. 1849లో ఎర్నెస్ట్ పోయాడు. కొడుకు పియెర్ కేరీకి వారసత్వంగా దక్కింది దొర బిరుదూ, కట్టలేని వడ్డీ. ఇటువైపు జాన్ అలేర్ కూడా పోయాడు. తాకట్టు హక్కు అతని కూతురు మేరీ కాలింగ్స్‌కు వచ్చింది. 1852లో లెక్క తేల్చుకున్నారు.

జాగీరు ధర 6,000 పౌండ్లుగా ఖరారు చేశారు. అందులోంచి అసలు 4,000 పౌండ్లు, పేరుకున్న వడ్డీ 616 పౌండ్ల 13 షిల్లింగులు తీసేశారు. మిగిలింది 1,383 పౌండ్లు, పైన కొద్ది షిల్లింగులు. ల పెలీ కుటుంబం 122 ఏళ్లు ఏలిన దీవిని వదులుకుని చేతిలో వేసుకున్నది అంతే.

మేరీ కాలింగ్స్ సార్క్‌ను 1,383 పౌండ్లకే కొన్నది అని చాలాచోట్ల రాస్తారు. ఆ మాట సగం నిజం. అది ఆఖర్న చేతులు మారిన నగదు మాత్రమే, ధర 6,000. కారుచౌకగా కొట్టేసిందని ఆమెను తిట్టడం, గొప్ప బేరగత్తె అని పొగడడం రెండూ ఆ సగం నిజం మీద నిలబడ్డవే. ఇది వేలం కూడా కాదు. తాకట్టు జప్తుకు వెళ్లకముందే, రాజానుమతితో, అప్పిచ్చినవాళ్లకే క్రయం చేశారు. కాబట్టి హక్కు ఎక్కడా తెగలేదు. హెలియర్‌కు ఇచ్చిన పట్టా గొలుసులో ఇంకో కొక్కెం పడిందంతే.

సుజాన్‌లాగే మేరీ కూడా కొన్నాక ఎక్కువకాలం లేదు. 1853లో పోయింది. కొడుకు విలియం థామస్ కాలింగ్స్ దొర అయ్యాడు. ఆయన చర్చి పాదిరి. తాత ఓడలు కొల్లగొట్టిన సొమ్మే మనవడి దొరతనానికి మూలధనం కావడంలోని వింతను దీవివాళ్లు గమనించకపోయి ఉంటారా?

మూడు ఇంటిపేర్లు, ఒకే రక్తం

1853 నుంచి పాదిరి దొర, 1882 నుంచి అతని కొడుకు విలియం ఫ్రెడరిక్ కాలింగ్స్. ఈయనకు కొడుకులు లేరు. 1927లో ఆయన పోయినప్పుడు పెద్ద కూతురు సిబిల్‌కు జాగీరు వచ్చింది. ఇరవయ్యో శతాబ్దంలో సార్క్ పేరు ప్రపంచానికి తెలిసింది ఈమె వల్లనే. పట్టిక చదివేవాళ్లు ఎక్కువగా తప్పటడుగు వేసేదీ ఇక్కడే. అందుకే నిదానంగా చూద్దాం.

సిబిల్ పుట్టింటి పేరు కాలింగ్స్. 1901లో డడ్లీ బోమాంట్‌ను తండ్రికి ఇష్టం లేకుండా పెళ్లి చేసుకుంది. ఆయన 1918 ఇన్‌ఫ్లుయెంజాలో చనిపోయాడు. డేమ్ అయిన నాటికి ఆమె విధవరాలు, ఇంటిపేరు బోమాంట్. 1929లో అమెరికాలో పుట్టిన రాబర్ట్ హాథవేను చేసుకుంది. అక్కడి పాత నార్మన్ (ఉత్తర ఫ్రాన్స్‌లోని నార్మండీ) ఆచారం ప్రకారం భార్య ఆస్తి మీద అధికారం భర్తది. అంటే పెళ్లయిన రోజునుంచి, భార్య హక్కు ద్వారా, రాబర్ట్ హాథవే సెన్యోర్. సభలో కూర్చునే హక్కు అతనిదే. కానీ అతను వారసత్వం మొదలుపెట్టలేడు. భార్యకు ముందు పోతే అతని హక్కు అతనితోనే పోతుంది, ఆమె తర్వాత అతని బంధువులకు ఏమీ రాదు. జరిగిందీ అదే. ఆయన 1954లో పోయాడు, ఆమె మరో 20 ఏళ్లు ఒంటరిగా ఏలింది. అందుకే దొరల వరస సంఖ్య ఇచ్చేటప్పుడు అతన్ని లెక్కలో వేయరు. సిబిల్ 21వది, ఆమె తర్వాతివాడు 22వవాడు. ఎవరైనా 24 మంది అని చెబితే భర్తగారిని కూడా కలిపారని అర్థం.

1940 జూలైలో జర్మన్ సైన్యం దిగింది, 1945 మేలో పోయింది. సిబిల్ దీవి వదలలేదు. భర్తను 1943లో జర్మనీలోని లాఫెన్ నిర్బంధ శిబిరానికి తరలించారు. ఈ ఐదేళ్లలో వారసత్వం విషయంలో ఇంకో సంగతి జరిగింది. పెద్దకొడుకు, వైమానిక దళంలో ఉన్న ఫ్రాన్సిస్ విలియం బోమాంట్, 1941 మేలో లివర్‌పూల్ మీద బాంబుల దాడిలో చనిపోయాడు. వారసత్వం ఒక తరం కిందికి, 13 ఏళ్ల మనవడు మైకేల్‌కు దిగింది. పెద్దకొడుకు చనిపోతే హక్కు రెండో కొడుకుకు పోదు, చనిపోయినవాడి కొడుకుకే పోతుంది. మనకు పూర్వం రాచకుటుంబాల్లో ఇదే ప్రశ్న మీద తగాదాలు నడిచాయి. నార్మన్ చట్టంలో ఆ ప్రశ్నకు తావు లేదు.

1974లో సిబిల్ పోయాక మైకేల్ బోమాంట్ దొర అయ్యాడు. విమానాల కంపెనీలో ఇంజనీరు ఉద్యోగం వదిలి వచ్చినవాడు. 2016లో ఆయన పోతే కొడుకు క్రిస్టఫర్, 23వవాడు. ఇలా కాలింగ్స్, హాథవే, బోమాంట్ అని పట్టికలో మూడు ఇంటిపేర్లు కనిపిస్తాయి. మేరీ నుంచి క్రిస్టఫర్ దాకా ఒకటే రక్తం, జాగీరు ఒక్కసారి కూడా బయటికి పోలేదు. అటు 1715లో ఇంటిపేరు మారకుండా శాఖ మారింది, ఇటు శాఖ మారకుండా ఇంటిపేర్లు మారాయి. చిన్న జాగీర్ల పట్టికలు ఎక్కడివి చదివినా ఇంటిపేరు పక్కన మూడు ప్రశ్నలు రాసుకోవాలి. హక్కు పుట్టుకతో వచ్చిందా, కొనుగోలుతో వచ్చిందా, పెళ్లితో వచ్చిందా? పెళ్లితో వచ్చినదైతే అది బతికున్నంతకాలమేనా, పిల్లలకూ దిగుతుందా? ఇచ్చిన తేదీ చావుదా, క్రయానిదా? ఈ మూడూ అడగకుండా వంశాలు లెక్కపెడితే సార్క్‌కు ఏడు వంశాలు వస్తాయి. అడిగితే ఐదు శాఖలే తేలతాయి, కార్టరెట్ దూరపు శాఖను విడిగా లెక్కిస్తే ఆరు.

ఈ దొరతనం యుద్ధాలతో చేతులు మారలేదని చెప్పాను గదా, ఆయుధంతో ప్రయత్నించినవాడూ ఉన్నాడు. 1990లో ఒక నిరుద్యోగ ఫ్రెంచి అణు శాస్త్రవేత్త తుపాకీతో ఒంటరిగా దిగి, రేపు మధ్యాహ్నం 12 గంటలకు దీవిని స్వాధీనం చేసుకుంటున్నానని కాగితాలు అంటించాడు. చెప్పిన టైముకంటే ముందే ఊరి కానిస్టేబుల్ అతన్ని పట్టుకున్నాడు.

13వ వంతు లెక్క, 2008 తర్వాత మిగిలింది

దొరతనం రాబడి ఎంత అన్న ప్రశ్నకు ఏటా జవాబు మారేది, ఎందుకంటే ట్రెజియెమ్ అమ్మకం జరిగినప్పుడే వచ్చేది. 40 కమతాలు, చీల్చడానికి వీల్లేదు, తండ్రి నుంచి కొడుక్కు పోతే రుసుము లేదు. కొన్నేళ్లు ఒక్క అమ్మకమూ ఉండేది కాదు. దొర చేతిలో నగదు ఆడేది కాదు. ల పెలీలు గనివైపు చూడ్డానికి, తర్వాతివాళ్లు నేల అమ్మడానికి వెనకున్న ఒత్తిడి ఇదే. సిబిల్ 1929లో బ్రెకూ దీవిని జాగీరు నుంచి విడదీసి ఒక కమతంగా అమ్మింది.

ఆ బ్రెకూను 1993లో బార్‌క్లే సోదరులు అనే కోటీశ్వర కవలలు 23.3 లక్షల పౌండ్లకు కొన్నారు. అందులో 13వ వంతు, 1,79,230 పౌండ్లు, దొరకు చెల్లింది. దొర రాణికి కట్టేది ఏటా 1.79 పౌండ్లు అని ముందే చెప్పుకున్నాం. భాగించి చూడండి. ఒక్క అమ్మకంలో వచ్చిన సొమ్ముతో లక్ష సంవత్సరాల కప్పం కట్టేయొచ్చు.

కానీ ఈ కొనుగోలుతోనే పాత కట్టు వదులైంది. తమ దీవిని ఒక్క పెద్దకొడుకుకే ఎందుకు ఇవ్వాలని బార్‌క్లేలు కోర్టుకెక్కారు. 1999లో చట్టం మారి, కూతుళ్లకు కూడా ఆస్తి రాసిచ్చే వీలు కలిగింది. 2000ల దశకంలో ట్రెజియెమ్ పోయి, ఆస్తి బదిలీ పన్ను వచ్చింది. అది దీవి ఖజానాకు పోతుంది, దొరకు బదులుగా ఏటా 28,000 పౌండ్ల దాకా భత్యం. 1922 నుంచి కమతదారులతో పాటు ఎన్నికైన ప్రతినిధులు 12 మంది సభలో ఉండేవారు. 2008 డిసెంబరు 10న మొదటిసారి సభ మొత్తానికీ ఎన్నికలు జరిగాయి, 28 స్థానాలు. పొలానికున్న ఓటు మనిషికి వచ్చింది. తర్వాత స్థానాలను 18కి తగ్గించారు, అంతమంది అభ్యర్థులు దొరకడమే కష్టమవుతోంది మరి.

ఎన్నిక లేని దొర సభలో కూర్చోవడం కూడా తప్పేనని బార్‌క్లేలు వాదించారు. 2009లో బ్రిటన్ సుప్రీంకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. దొర సభలో ఉండొచ్చు, మాట్లాడొచ్చు, ఓటు మాత్రం లేదు. ఆ కేసులో తేలనిది, ఎవరూ అడగనిది 1565 పట్టా సంగతి. దాన్ని ఎవరూ రద్దు చేయలేదు. జాగీరు అమ్మాలన్నా తాకట్టు పెట్టాలన్నా 1720లో, 1844లో అడిగినట్టే రాజునే అడగాలి.